గొళ్లెం లేని తలుపులు

పాత కలప వ్యాపారంలో నేను మొదట నేర్చుకున్న సంగతి ఒకటుంది. సరుకు ఏ ఇంటి నుంచి వచ్చిందో కొనేవాడికి చెప్పకూడదు, మనం మాత్రం మర్చిపోకూడదు. ఆ వానాకాలం చెప్పకుండా ఉండటం నాకు బాగానే చేతనైంది. మర్చిపోవచ్చు అనుకున్న దగ్గరే దెబ్బ తిన్నాను.

ఇళ్ళు కూల్చే కాంట్రాక్టరు ఫోన్ చేసేనాటికి వానలు మొదలై వారమైంది. "పద్దెనిమిది తలుపులు షావుకారుగారూ. అన్నీ ఒకటే కొలత. ఒకే మాను కోసి చేసినట్టున్నాయి. వచ్చి చూసుకోండి" అన్నాడు.

చూడకుండా నేను పుల్ల కూడా కొనను. వెళ్ళాను. మెట్ల దగ్గరే ఆ ఇంటిని గుర్తుపట్టాను. ముప్పై రెండేళ్ళు కోర్టులో నలిగిన ఇల్లు. పైకప్పు అప్పటికే తీసేశారు. పొడుగాటి నడవాకి అటు తొమ్మిది, ఇటు తొమ్మిది గదులు, వానలో తడుస్తున్నాయి. ప్రతి తలుపుకీ గొళ్లెం బయటివైపే ఉంది.

వెనక్కి తిరిగి రావలసింది. కానీ చెయ్యి అలవాటు కొద్దీ చెక్క మీదికి పోయింది. గోటితో గీశాను. పుచ్చు లేదు, చెద లేదు, వంపు లేదు. అలాంటి టేకు ఇప్పుడు దొరకదు. అక్కడే నిలబడి ఒక లెక్క వేసుకున్నాను. చిత్రిక పట్టించి పద్దెనిమిది ఇళ్ళకి విడివిడిగా అమ్మేస్తే, ఆ ఇల్లు పద్దెనిమిది ముక్కలై లోకంలో కలిసిపోతుంది. నాకు లాభానికి లాభం, పీడ విరగడకి పీడ విరగడ. కాంట్రాక్టరుతో గంటసేపు బేరమాడి, సాయంత్రానికి లారీ ఎక్కించాను.

అప్పటికి మా ఇంట్లో తలుపుల్లేవు. వీధి తలుపు ఒక్కటుంది, అది పొద్దు పొడిచినప్పటి నుంచి పడుకునే వేళ దాకా బార్లా తెరిచే ఉంటుంది. గదులన్నిటికీ పరదాలే. స్నానాల గదికి మాత్రం మందపాటి గుడ్డ రెండు వరసలు. "ఊరందరికీ తలుపులమ్మే మనిషిని చేసుకున్నాను. కొత్త కాపురంలో నా సిగ్గుకి గుడ్డ ముక్కే దిక్కయింది" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ పరదాలు కుట్టింది మా చెల్లెలు. మాతోనే ఉంటుంది, గోదాం వైపు కిటికీ దగ్గర మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నలభై ఒకటేళ్ళ మనిషి. మూసిన తలుపు ఎదురైతే దాని చెయ్యి గడియ మీదికి పోదు. అరచెయ్యి చెక్కకి ఆనించి, ఎవరో ఒకరు తీసేదాకా అలా నిలబడిపోతుంది. చిన్నప్పుడు మేమిద్దరం ఒక పెద్దాయన నడిపే ఇంట్లో పెరిగామనీ, అక్కడ అలవాటు చేశారనీ మా ఆవిడకి చెప్పాను. అంతకు మించి ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

మర్నాడు గొళ్లేలన్నీ నేనే ఊడబీకాను. వడ్రంగి మేస్త్రిని ముట్టుకోనివ్వలేదు. అన్నిటినీ పాత ఇనుములో పడేశాక మేస్త్రి చిత్రిక తీసుకుని కూర్చున్నాడు. గంటలోనే పిలిచాడు.

"ఇదేంటండీ, ప్రతి తలుపుకీ లోపలివైపు ఒకే ఎత్తున నల్లటి మరక. నూనె చెయ్యి పెట్టినట్టు. చూడండి, వేళ్ళు కూడా తెలుస్తున్నాయి. పిల్లల చేతులు."

"పిల్లలున్న ఇల్లయి ఉంటుంది. చిత్రిక పట్టు."

"మా ఇంట్లోనూ పిల్లలున్నారు. వాళ్ళు తలుపంతా పాడుచేస్తారు గానీ, కొలిచినట్టు ఒక్కచోటే చెయ్యి పెట్టరు."

మరక పోయేదాకా పట్టాడు. పొద్దున్నే వచ్చి చూస్తే మళ్ళీ ఉంది. మళ్ళీ పట్టాడు. మళ్ళీ వచ్చింది. "లోపలిదాకా తాగేసింది. ఇంకా తీస్తే తలుపు పోయి అట్టముక్క మిగులుతుంది" అన్నాడు. వానాకాలం తేమకి చెక్కలోని నూనె పైకి తేలుతుంది, ఎండలు వచ్చాక చూద్దాంలే అన్నాను. నేను చెప్పింది తప్పు కాదు, తేలుతుంది. కానీ మూడోసారి తేలిన మరక మొదటి దానికన్నా నాలుగు వేళ్ళు పైన ఉంది. అది మేస్త్రికి చెప్పలేదు. అతనూ నాకు చెప్పలేదు.

మొదటి కొనుగోలుదారు ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. బట్టతల, చేతిలో పనిముట్ల సంచి. తలుపులన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్ళి ఒక దాని దగ్గర ఆగి, కింద మూల వేలితో తడిమాడు. అక్కడ మేకుతో గీసిన చిన్న గీత ఉంది. ధర చెప్పాను. సంచిలోంచి డబ్బు తీసి ఇచ్చేశాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో బేరమాడని మనిషిని చూస్తే నాకు భయం.

"ఎక్కడికి పంపమంటారు?"

"ఎక్కడికీ వద్దు, ఇక్కడే ఉండనీ. నేను లిఫ్టులు బాగుచేస్తాను. రోజంతా తలుపుల మధ్యే. అవి వాటంతటవే తెరుచుకుంటాయి, నాకు సుఖం." నవ్వాడు. "తలుపులు ఇక్కడున్నాయని కాంట్రాక్టరు చెప్పాడు. నన్ను గుర్తుపట్టలేదా పదమూడూ? నేను ఏడు."

ఆ ఇంట్లో మాకు పేర్లు లేవు. ఏ తలుపు వెనక ఉంటే అదే పేరు. నేను పదమూడు, మా చెల్లెలు పద్నాలుగు.

"పద్నాలుగు బాగుందా?" అన్నాడు.

కిటికీలోంచి అంతవరకూ వినిపిస్తున్న కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. తలుపు కొనేవాడు దాన్ని ముందు ద్వారబంధంలో బిగించి, తీసి మూసి, వంపు ఉందేమో చూసుకోవచ్చు. అందుకని గోదాం వెనక గోడ వెంట ఆరు ద్వారబంధాలు వరసగా నిలబెట్టి ఉంచాను. ఒక్కోదాని వెనక మనిషి నిలబడేంత జాగా, మధ్యలో పలకల అడ్డం. కొన్నవాడికి నమ్మకం కుదరడానికి నేను కనిపెట్టిన ఉపాయం అది. ఊళ్ళో ఇంకే కొట్టులోనూ లేదు.

మరుసటి ఆదివారం ఏడు తన తలుపుని అందులో బిగించుకుని, వెనక్కి వెళ్ళి, లోపలినుంచి లాక్కున్నాడు. గంటైనా రాలేదు. ఇరుక్కుపోయాడేమోనని మేస్త్రి వెళ్ళి తీశాడు.

"తీశారు, చూశాను" అన్నాడు ఏడు, కళ్ళు మూసుకుని.

"ఏం చూశారండీ? నన్నా?" అన్నాడు మేస్త్రి. "మా ఆవిడ రోజూ చూస్తుంది, ఒక్కసారీ ఇంత సంతోషపడలేదు."

నేనూ నవ్వాను. కానీ 'తీశారు, చూశాను' అన్నది నేనెరిగిన మాటే. పెద్దాయన తలుపు తీసినప్పుడు మేము చెప్పవలసిన మాట అది. నీ అంతట నువ్వు తీసుకున్న తలుపు అవతల లోకం ఉంటుంది, నీకోసం తీసిన తలుపు అవతల వెలుగు ఉంటుంది అనేవాడు. ఒక్కోసారి ఒక పూటకే తీసేవాడు. ఒక్కోసారి నాలుగు రోజులకి తీసేవాడు. ఎప్పుడు తీస్తాడో తెలియకపోవడమే ఆ ఇంటి ప్రార్థన.

ఆ తర్వాతి ఆదివారం ఏడు ఇంకో ముగ్గురిని తీసుకొచ్చాడు. ఒక నర్సు, ఒక బస్సు డ్రైవరు, ఎప్పుడూ నేలచూపులు చూసే ఒక లెక్కల టీచరు. ఎవరి తలుపుని వాళ్ళు గుర్తుపట్టారు, ఎవరూ బేరమాడలేదు. ఎవరి తలుపూ గోదాం దాటి పోలేదు. విసుగెత్తి వాళ్ళే మానేస్తారని లెక్కేశాను. డబ్బు పెట్టి కొన్న మనిషి సరుకు పట్టుకుపోతాడు. పట్టుకుపోవడం లేదంటే నేనమ్మింది తలుపు కాదని అప్పుడే తెలియాల్సింది. మేస్త్రికి తెలిసింది. "ఆదివారాలు నన్ను పిలవకండి. కాపలా కాయడం నా పని కాదు" అని చెప్పేశాడు.

చెల్లెలితో, "నువ్వు గోదాంలోకి రాకు" అన్నాను.

"నా తలుపు కూడా వచ్చిందా అన్నయ్యా?" అంది.

"రాలేదు."

అబద్ధం చెప్పి అమ్మడం నాకు కొత్త కాదు, కానీ ఈసారి చెల్లెలు కొనలేదు.

ఆ కాలమంతటిలోకీ పెద్ద వాన పడిన రోజు కూడా ఆదివారమే. సరుకు చూడటానికి పక్క ఊరు వెళ్ళి, దారులు మునిగి, మూడింటికి తిరిగొచ్చాను. గోదాం గుమ్మంలో మా ఆవిడ మోకాలి లోతు నీళ్ళలో గొడుగు లేకుండా నిలబడి ఉంది. చిన్న దూలాలు ఆవిడ చుట్టూ తేలుతున్నాయి.

"పొద్దుటి నుంచి లోపలే ఉందండీ. వాళ్ళు నలుగురూ కూడా. నేను వెళ్ళి తలుపు తీశాను. తీస్తే నా మొహం చూసి, 'నువ్వు కాదు వదినా' అని మళ్ళీ వేసేసుకుంది. పదేళ్ళుగా దాని తల దువ్వుతున్నాను నేను. నేను కాదంట." ఆవిడ మొహం మీది వాననీళ్ళు తుడుచుకుంది. "ఎవరండీ అయితే?"

వరసలో అయిదు తలుపులు మూసి ఉన్నాయి. అయిదోది మా చెల్లెలిది. దాని మధ్యలో గొడ్డలి దెబ్బకి విరిగిన చోట వేరే చెక్కతో అతుకు ఉంది. నేను దగ్గరికి వెళ్ళాను.

"అమ్మాయ్, నీళ్ళు పెరుగుతున్నాయి. బయటికి రా."

"నువ్వేనా అన్నయ్యా?"

"నేనే. దానికి గొళ్లెం లేదు. నా చేత్తో నేనే పీకేశాను. తొయ్యి, చాలు."

"తెలుసు."

"మరి?"

లోపల నీళ్ళు కదిలిన చప్పుడైంది. తర్వాత, కోపమేమీ లేకుండా, సూదిలో దారం ఎక్కించమని అడిగేటప్పటి గొంతుతో అంది. "ఆ రోజు నువ్వు నా తలుపు ముందునించే వెళ్ళావు కదా. నీ అడుగు నాకు తెలుసు. ఒక్క క్షణం ఆగావు కూడా."

నాకు పదమూడేళ్ళప్పుడు, తిండి పెట్టే మనిషి నా గదికి గొళ్లెం వెయ్యడం మర్చిపోయింది. నేను బయటపడ్డాను. పద్నాలుగో తలుపు గొళ్లెం ఎత్తితే కిర్రుమంటుంది. ఎత్తలేదు. ఊళ్ళో నా మాట ఎవరైనా నమ్మడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆలోగా పెద్దాయన అన్నిటికీ తాళాలు వేయించాడు. అందుకే గొడ్డలి వాడాల్సి వచ్చింది.

"నా తలుపు ఎవరూ తియ్యలేదన్నయ్యా. పగలగొట్టారు" అంది.

నేను తీశాను.

గోదాం ఆ వెనకవైపు పల్లం, నీళ్ళు దాని నడుము దాకా ఉన్నాయి. పెదాలు నీలంగా మారాయి. నన్ను చూసిన ఆ మొహం, చిన్నతనంలో కూడా నేనెప్పుడూ చూడనంత వెలుగుతో ఉంది. "తీశారు, చూశాను" అంది. అన్నని పట్టుకుని మీరు అంది. పక్క తలుపు తీశాను. టీచరు కూడా అదే మాట అన్నాడు. నర్సు, డ్రైవరు, చివరికి ఏడు. అందరూ అదే మాట.

ఇక్కడ నిజం రాయాలి, లేకపోతే ఈ కథకి విలువ లేదు. నాలుగో తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట కోసం నా చెవి ఎదురుచూసింది. ముప్పై ఏళ్ళు ఎండలో వానలో నిలబడి సరుకమ్మాను. మెచ్చుకున్నవాడైనా రూపాయి తగ్గించమనే అన్నాడు. ఒక చెక్కని జానెడు కదిపినందుకు మనుషులు అలా చూడటం నాకు మొదటిసారి. పెద్దాయన వ్యాపారం నాకు ఆ పూట పూర్తిగా అర్థమైంది. సరుకు లేదు, పెట్టుబడి లేదు. చివరికి గొళ్లెం కూడా అక్కర్లేదు.

ఆ వారమంతా మా చెల్లెలు పరదాల దగ్గర ఆగిపోవడం మొదలుపెట్టింది. తను కుట్టిన గుడ్డే. దాని ముందు అరచెయ్యి గాలిలో నిలబెట్టి, నేను వచ్చి పక్కకి తప్పించేదాకా కదిలేది కాదు. స్నానాల గదిలోంచి రెండు గంటలు రాలేదొక రోజు.

"ముందు తలుపులే అనుకున్నాను. ఇప్పుడు గుడ్డపేలిక కూడానా?" అంది మా ఆవిడ. ఆ రోజు ఆవిడకి అంతా చెప్పాను. గొళ్లెం సంగతీ, తొమ్మిది రోజుల సంగతీ, వాళ్ళు ఆ మాట అన్నప్పుడు నాకెలా అనిపించిందో అదీ. పరుపు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"కుర్చీ తెచ్చాడు ఆ లిఫ్టాయన, చూశారా?"

"చూశాను." ఆ వరసకి ఎదురుగా, మంచి పేము కుర్చీ. నేను కూర్చోడానికి.

"వచ్చే ఆదివారం పన్నెండు మంది వస్తారట. మీరు అందులో కూర్చున్నారంటే నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. అలిగి కాదు, భయపడి. మీరు మంచి వ్యాపారస్తులు, ఇది బాగా నడుస్తుంది."

ఆదివారం వాన వెలిసింది. వాళ్ళు వచ్చేలోపే ఆరో ద్వారబంధంలో ఒక తలుపు బిగించాను. పదమూడు. అందరూ గోదాంలో చేరాక, మా చెల్లెలు అయిదో దాని వైపు వెళ్తుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇవాళ నువ్వు బయట. లోపల నేను."

"అలా కుదరదన్నయ్యా."

"నువ్వు తీస్తే వస్తాను. ఇంకెవరు తీసినా రాను. మీ వదిన తీసినా సరే."

లోపలికి వెళ్ళి లాక్కున్నాను. పన్నెండు మంది గుసగుసలు కాసేపు వినిపించాయి. "పదమూడు లోపలికి పోతే మనకెవరు తీస్తారు?" అన్నారెవరో.

చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక మరక కనిపించింది. మేస్త్రి రెండుసార్లు చిత్రిక పట్టిన మరక. ఇప్పుడది నా భుజమంత ఎత్తున ఉంది. చెయ్యి పెట్టొద్దనుకుంటూనే పెట్టాను. ఒక్క వేలు అటూ ఇటూ కాకుండా సరిపోయింది.

కాసేపటికి అవతలివైపు, సరిగ్గా నా అరచేతికి ఎదురుగా, ఇంకో అరచెయ్యి ఆనిన చప్పుడైంది.

"నాకు రాదన్నయ్యా."

"లాగడమే."

"నాకు రాదు."

బేరంలో చివరి మాట చెప్పాక నోరు మూసుకోవాలి. కానీ అది బేరం కాదని మొదటి గంట గడిచాక తెలిసింది. తలుపుకి గొళ్లెం లేదు. తోస్తే తెరుచుకుంటుంది. అయినా రెండో గంట గడిచాక, నా చెయ్యి తొయ్యడం మర్చిపోయినట్టే అనిపించింది. తోస్తే అవతల ఏమీ ఉండదనిపించింది. ఊపిరి చెక్కకి తగిలి తిరిగి నా మొహం మీదికే వస్తోంది. తొమ్మిదేళ్ళ పిల్ల, తొమ్మిది రోజులు. బయట ఒక్కొక్కరే వెళ్ళిపోతున్న అడుగులు లెక్కపెట్టాను. "ఏవండీ, ఇదేం పని, నేను తీస్తాను" అని మా ఆవిడ ఒకసారి వచ్చింది. "నువ్వు కాదు" అన్నాను. అన్నాక తెలిసింది, ఎవరి మాట అన్నానో.

అటువైపు చెయ్యి మాత్రం కదల్లేదు. చెల్లెలి ఏడుపు వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

సందెవేళకి తలుపు కదిలింది. ముందు గాజుల చెయ్యి పట్టేంత, తర్వాత మొహం పట్టేంత. మా చెల్లెలు జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. అరచేతిని చీరకి తుడుచుకుంటూ, ఇంకోవైపు చూస్తూ అంది.

"రా. టీ రెండుసార్లు వేడిచేసిందంట వదిన. ఇంక చెయ్యదంట."

"తీశావు, చూశాను" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి బయటికొచ్చాను.

మర్నాడు మేస్త్రి తలుపులన్నీ నిలువునా కోసి, ఇటుకల బట్టీకి పంపేశాడు. కొన్నవాళ్ళకి డబ్బు తిరిగిచ్చాను. ఏడు మాత్రం డబ్బు తీసుకోలేదు. కోత మొదలవ్వకముందే వచ్చి, తన తలుపుని భుజాన వేసుకుని, మట్టిలో పాదాలు కూరుకుపోతుండగా ఒక్కడే మోసుకుపోయాడు. కుర్చీ కూడా పట్టుకుపోయాడు. పక్క ఊళ్ళో ఏదో హాలు అద్దెకి తీసుకున్నారనీ, పదిహేను మంది దాకా పోగవుతున్నారనీ తర్వాత విన్నాను. కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారో నేను అడగలేదు.

నాకు నాలుగు గంటలు, దానికి తొమ్మిది రోజులు. లెక్క ఎటు తిప్పినా సరిపోదు. సరిపోయిందని మా చెల్లెలూ అనలేదు, నేనూ అనుకోలేదు.

చలి మొదలయ్యాక, తన గదికి తలుపు పెట్టించమని అదే అడిగింది. కొత్త చెక్కతో మేస్త్రి చేశాడు. గడియ లోపలివైపు. రోజూ పొద్దున మా ఆవిడా నేనూ టీ గ్లాసులు పట్టుకుని ఆ తలుపు బయట నిలబడతాం. లోపల అడుగులు వచ్చి ఆగుతాయి, అరచెయ్యి చెక్కకి ఆనుతుంది. కొన్ని రోజులు వెంటనే గడియ తీసిన చప్పుడవుతుంది. కొన్ని రోజులు టీ చల్లారిపోతుంది, ఎండ వసారాలోంచి గుమ్మం మీదికి వచ్చేస్తుంది, కొట్టు తెరిచే వేళ దాటిపోతుంది.

మేము తియ్యము.